రుజువయ్యే లోపు పిల్లలు పెద్దవాళ్లయిపోతున్నారు

ప్లాస్టిక్ డబ్బా నుంచి పురుగుమందు డబ్బా దాకా, పరిశ్రమల రసాయనాలు మన హార్మోన్లను దెబ్బతీస్తున్నాయా? ఆ సంగతి తేల్చేదెవరు, ఎలా, ఎన్నాళ్లకు?

జీడిమామిడి పూతకొచ్చే రోజుల్లో కాసరగోడ్ కొండల మీద హెలికాప్టర్ తిరిగేది. కేరళకు ఉత్తరపు కొస అది, కర్ణాటక సరిహద్దు. కొండల మీదంతా ప్రభుత్వ రంగంలోని ప్లాంటేషన్ కార్పొరేషన్ తోటలు. కింద లోయల్లో ఇళ్లు, బడి, పశువుల పాకలు, కొండను అడ్డంగా తొలిచి ఊటనీరు పట్టుకునే సురంగాలు. లేతకొమ్మల్నీ పూతనూ పీల్చేసే టీ దోమను చంపడానికి పైనుంచి ఎండోసల్ఫాన్ జల్లుతుంటే, ఆ చప్పుడుకి పిల్లలు బయటికొచ్చి తలెత్తి చూసేవారు. మందు తోట గట్టు దగ్గర ఆగలేదు. గాలికి ఇళ్ల మీదికి వచ్చింది, వానకి వాగుల్లోకి దిగింది. 1970ల చివర్లో మొదలైన ఈ పిచికారీ 2000 సంవత్సరం దాకా సాగింది. తేనెటీగలు చచ్చిపోతున్నాయనీ, దూడలు అవకరాలతో పుడుతున్నాయనీ ఊళ్లవాళ్లు చాలా ముందే చెప్పారు. 1990ల్లో పడ్రె గ్రామంలో వైద్యం చేస్తున్న డాక్టర్ మోహన్ కుమార్, తాను చూసే ఇళ్లలో బుద్ధిమాంద్యం, మూర్ఛలు, పుట్టుకతో వచ్చే లోపాలు, క్యాన్సర్లు ఇన్నేసి ఎందుకున్నాయని అడగడం, రాయడం మొదలుపెట్టారు.

ఆ ఊళ్ల పిల్లల ఫొటోలు దేశమంతా చూసింది. అయితే కెమెరాకు దొరకని నష్టం ఇంకొకటి అక్కడ జరిగింది. ఈడొచ్చిన మగపిల్లల్లో రావాల్సిన మార్పులు ఆలస్యమయ్యాయి. మన ఇళ్లలో ఆడపిల్ల పెద్దమనిషైతే బంధువులందరికీ కబురు వెళ్తుంది, వేడుక జరుగుతుంది, అప్పటికి పిల్లకెన్నేళ్లో ఇంటిల్లిపాదికీ గుర్తుంటుంది. మగపిల్లవాడి విషయంలో అలాంటి గుర్తేమీ ఉండదు. గొంతు మారలేదని, మీసం రాలేదని ఏ తల్లీ ఆస్పత్రికి తీసుకెళ్లదు. వాడూ సిగ్గుతో ఎవరికీ చెప్పుకోడు. హార్మోన్ల నష్టం ఎక్కువగా ఇలాంటి చోటే దాక్కుంటుంది.

ఇవాళ మన ఇళ్లలో, వాట్సాప్ గ్రూపుల్లో నడుస్తున్న చర్చ దీని గురించే. తొమ్మిదేళ్లకే పెద్దమనుషులవుతున్న ఆడపిల్లలు, పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకునే తల్లులు, పీసీఓడీ అని తేలిన కాలేజీ అమ్మాయిలు, పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లలు లేక పరీక్షల చుట్టూ తిరిగే జంటలు. వీటన్నిటికీ ప్లాస్టిక్కే కారణమని ఒకరు, పురుగుమందులని ఒకరు, ఇదంతా ఉత్త భయమని ఇంకొకరు. ఆహారాన్ని తాకే వస్తువుల్లో బిస్‌ఫినాల్ ఏ (బీపీఏ) అనే రసాయనాన్ని ఐరోపా సమాఖ్య 2024 డిసెంబరులో నిషేధించాక ఈ వాదన మరింత వేడెక్కింది. ఏ రసాయనం హార్మోన్లను చెడగొడుతుందో తేల్చడానికి ఉన్న శాస్త్రం మంచిదే. దాన్ని వాడుతున్న క్రమమే తప్పు. ముందు అమ్మి, ఆ తర్వాత అనుమానించి, అటుపైన దశాబ్దాల పాటు పరీక్షిస్తున్నాం. ఆ దశాబ్దాల్లో పరీక్షకు గురయ్యేది పిల్లల ఒళ్లు.

117 మంది మగపిల్లలు

జాతీయ మానవ హక్కుల కమిషన్ కలగజేసుకున్న తర్వాత కాసరగోడ్ సంగతి తేల్చే పని అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థకు వచ్చింది. హబీబుల్లా సయ్యద్ బృందం 2001లో, అంటే పిచికారీ ఆగిపోయి నెలలు గడిచాక, అక్కడికి వెళ్లింది. ఇరవై ఏళ్లకు పైగా మందు జల్లిన తోటల కింద ఉన్న ఊళ్లో 10 నుంచి 19 ఏళ్ల మగపిల్లలు 117 మందిని, మందు సోకని చోట అదే వయసు వాళ్లు 90 మందిని ఎంచుకున్నారు. ఒంట్లో యుక్తవయసు మార్పులు ఏ దశలో ఉన్నాయో డాక్టర్లు చూసి నమోదు చేశారు. నెత్తురు తీసి హార్మోన్లు కొలిచారు. మందు అవశేషాలు కొలవగలిగిన పిల్లల్లో సగటున ఆ ఊరివాళ్లకు వంద కోట్ల భాగాల్లో 7.47 భాగాలు, రెండో చోటివాళ్లకు 1.37 భాగాలు తేలాయి. వయసు తేడాల్ని లెక్కలోకి తీసుకున్నాక కూడా, మందు సోకిన పిల్లల్లో యుక్తవయసు మార్పులు వెనకబడి ఉన్నాయి. పురుష హార్మోన్ అయిన టెస్టోస్టిరాన్ తక్కువగా ఉంది. ఎల్‌హెచ్ అనే మరో హార్మోన్ ఎక్కువగా ఉంది.

ఈ చివరి రెండు ఫలితాల్నీ కలిపి చదవాలి. మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్‌ను విడుదల చేస్తుంది. అది వృషణాలకు చేరి టెస్టోస్టిరాన్ తయారు చేయమని చెబుతుంది. చాలినంత తయారైతే పిట్యూటరీ తగ్గుతుంది, చాలకపోతే ఇంకా ఎల్‌హెచ్ పంపుతుంది. ఆ పిల్లల్లో పిట్యూటరీ పంపుతూనే ఉంది, వృషణాల నుంచి జవాబు సరిగా రావడం లేదు. తిండి చాలక, రోగంతో నీరసించి ఎదుగుదల ఆగిన పిల్లల్లో సాధారణంగా పైనుంచి వచ్చే ఆదేశమే మందగిస్తుంది. ఇక్కడ ఆదేశం బలంగానే ఉంది, కింద పని జరగడం లేదు. పేదరికమే కారణమని కొట్టిపారేయడానికి వీల్లేకుండా చేసిన ఆధారం ఇది. లక్నోలోని ప్రభుత్వ విషశాస్త్ర ప్రయోగశాలలో ఎదిగే ఎలుకలకు ఎండోసల్ఫాన్ ఇచ్చి చూసినప్పుడు వృషణాలే దెబ్బతిన్నాయన్న ఫలితాలు 1990ల్లోనే వచ్చాయి. జంతువులో చూసింది, మనిషిలో చూసింది ఒకే వైపు చూపించాయి.

ఈ అధ్యయనం 2003లో అంతర్జాతీయ పత్రికలో అచ్చయింది. పరీక్షించిన పిల్లల సంఖ్య తక్కువనీ, కొందరు పాల్గొనడానికి ఒప్పుకోలేదనీ పరిశోధకులే అందులో రాసుకున్నారు. అది నిజాయితీ. అలాంటప్పుడు చేయాల్సింది మరిన్ని ఊళ్లలో, మరింత మంది పిల్లల్ని చూడడం. జరిగింది వేరు. కేంద్ర ప్రభుత్వం వేసిన కమిటీలు, 2003లో దూబే కమిటీ, 2004లో మాయీ కమిటీ, రోగాలకూ ఎండోసల్ఫాన్‌కూ సంబంధం లేదన్నాయి. అంతకుముందు 2001లో ఢిల్లీలోని ఒక సంస్థ ఆ ఊరి నమూనాల్లో మందు విపరీతంగా ఉందని చెబితే, తోటల యజమాని అయిన కార్పొరేషన్ చేయించిన పరీక్షలో ఏమీ దొరకలేదు. ఇలా ఒక కాగితం మీద ఇంకో కాగితం పడుతూ పోయింది. సుప్రీంకోర్టు దేశమంతటా ఎండోసల్ఫాన్ తయారీనీ అమ్మకాన్నీ ఆపేసింది 2011 మే 13న. నెత్తురు ఇచ్చినప్పుడు పదేళ్లున్న పిల్లవాడికి అప్పటికి ఇరవై ఏళ్లు. ఎదుగుదలకు ప్రకృతి ఇచ్చిన గడువు అయిపోయింది.

తోడు చిన్నదే

హార్మోన్ అంటే ఒంట్లో ఒకచోట పుట్టి, నెత్తుటిలో ప్రయాణించి, మరోచోట పని చేయించే పదార్థం. దాని పరిమాణం నమ్మశక్యం కానంత తక్కువ. కడవెడు పాలను పెరుగుగా మార్చడానికి చెంచాడు తోడు చాలు. అదే తోడు పాలు మరుగుతున్నప్పుడు వేస్తే ఒకలా, గోరువెచ్చగా ఉన్నప్పుడు వేస్తే ఇంకోలా పనిచేస్తుంది. హార్మోన్ల సంగతీ అంతే. కొంచెమే చాలు, అదీ సరైన వేళకు. గర్భంలో తొలి నెలల్లో శిశువు మెదడు తల్లి థైరాయిడ్ హార్మోన్ మీదే ఆధారపడుతుంది. మగబిడ్డ అవయవాలు రూపుదిద్దుకునే వారాలు కొన్నే ఉంటాయి. ఆ వేళకు హార్మోన్‌ను పోలిన రసాయనం వచ్చి, కణాల్లో హార్మోన్‌ను అందుకునే రిసెప్టర్ మీద కూర్చున్నా, అసలు హార్మోన్‌ను తయారు కానీయకపోయినా, దాన్ని ముందే విరిచేసినా, ఆ తప్పును తర్వాత దిద్దడం కష్టం. పెద్దవాడికి ఏ హానీ చేయని మోతాదు కడుపులోని బిడ్డకు హాని చేయగలిగేది ఇందువల్లే.

ఇంకో చిక్కు, ఈ రసాయనాలు ఒంటరిగా రావు. లండన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2002లో ఒక ప్రయోగం చేశారు. స్త్రీ హార్మోన్ అయిన ఈస్ట్రోజన్‌ను బలహీనంగా అనుకరించే ఎనిమిది రసాయనాలను, ఒక్కోటీ విడిగా ఏ ప్రభావమూ చూపనంత కొద్ది మోతాదులో తీసుకుని కలిపారు. కలిపిన మిశ్రమం స్పష్టంగా పనిచేసింది. మన భద్రతా ప్రమాణాలు మాత్రం ఇప్పటికీ ప్రధానంగా ఒక్కో రసాయనాన్ని విడిగా తూచి చూసేవే.

【బాక్స్】 మూడు ప్రశ్నలు, మూడూ తేలాలి

ఒక రసాయనాన్ని హార్మోన్ వ్యవస్థను చెడగొట్టేదిగా నిర్ధారించాలంటే మూడు సంగతులు రుజువు కావాలి. ఆరోగ్యానికి హాని జరిగిందా? ఆ రసాయనం హార్మోన్ల పనిలో జోక్యం చేసుకుంటోందా? ఆ హాని ఈ జోక్యం వల్లే జరిగిందా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ఇచ్చిన నిర్వచనం సారం ఇదే. ఐరోపా సమాఖ్య 2018లో పురుగుమందులకు పెట్టిన కొలబద్దా ఇదే.

పరీక్షలు మెట్లు మెట్లుగా ఉంటాయి. మొదట కంప్యూటర్ అంచనాలు, ఆపైన గాజు పళ్లెంలో పెంచిన కణాల మీద పరీక్ష. తర్వాత జంతువులు. అండాశయాలు తీసేసిన ఎలుకకు రసాయనం ఇచ్చి గర్భసంచి బరువు పెరిగితే, అది ఈస్ట్రోజన్‌లా పనిచేస్తోందన్నమాట. వృషణాలు తీసేసిన మగ ఎలుకలో ప్రోస్టేట్ వంటి గ్రంథుల బరువు మారితే, పురుష హార్మోన్ సంబంధం ఉన్నట్టు. తోకకప్ప కప్పగా మారడం థైరాయిడ్ చేతిలో ఉంటుంది కాబట్టి, ఆ మార్పు ముందు వెనకలైతే థైరాయిడ్ మీద అనుమానం.

తల్లి మింగిన మాత్ర, కూతురికి క్యాన్సర్

మూడో ప్రశ్న, అంటే ఈ హాని ఆ కారణం వల్లేనా అన్నది, ఎంత కష్టమో చెప్పడానికి డీఈఎస్ అనే మందు కథ కంటే మంచి ఉదాహరణ లేదు. బ్రిటన్‌లో చార్లెస్ డాడ్స్ బృందం 1938లో తయారుచేసిన కృత్రిమ ఈస్ట్రోజన్ అది. గర్భస్రావం కాకుండా ఆపుతుందని అమెరికాలో లక్షల మంది గర్భిణులకు రాసిచ్చారు. ఆ పని చేయదని 1953లోనే షికాగో ప్రయోగంలో తేలినా వాడకం ఆగలేదు. 1971లో బోస్టన్‌లో ఆర్థర్ హెర్బ్‌స్ట్ అనే డాక్టర్, ఈడొచ్చిన కొద్ది కాలానికే యోనిలో అత్యంత అరుదైన క్యాన్సర్ వచ్చిన ఎనిమిది మంది యువతుల్ని పరిశీలించారు. వాళ్లలో ఏడుగురి తల్లులు కడుపుతో ఉన్నప్పుడు డీఈఎస్ వేసుకున్నారు. మాత్ర మింగిన తల్లికి ఆ రోగం రాలేదు. అప్పుడు కడుపులో ఉన్న కూతురికి, అదీ పదిహేను ఇరవై ఏళ్ల తర్వాత వచ్చింది.

ఆ బంధం దొరకడానికి కారణం, అది ఆ వయసులో అసలు కనపడని క్యాన్సర్ కావడమే. అదే డీఈఎస్ వల్ల ఏ థైరాయిడ్ లోపమో, సంతాన సమస్యో కొంచెం పెరిగి ఉంటే ఏ డాక్టరూ గుర్తుపట్టేవాడు కాదు. ఇళ్లలో మామూలుగా ఉన్న రోగం వంద మందిలో ఇంకో ఇద్దరికి ఎక్కువైతే ఎవరికి తెలుస్తుంది? పైగా అది మందు. ఎవరు వేసుకున్నారో ఆస్పత్రి రికార్డుల్లో ఉంది. తాగే నీళ్లలో, తినే కూరగాయలో, దుమ్ములో వచ్చే రసాయనానికి చీటీ ఎవరు రాస్తారు? పరిశ్రమల రసాయనాల విషయంలో మనుషుల్లో తిరుగులేని రుజువు కావాలని పట్టుబట్టడమంటే, దాదాపు ఎప్పటికీ రాని దానికోసం ఎదురుచూడమనడమే.

చట్టం పుట్టిన పంతొమ్మిదేళ్లకు

హార్మోన్ పరీక్షలు జరిపి తీరాలని అమెరికా చట్టం చేసింది 1996లో. ఏ పరీక్షలు చేయాలి, ఎలా చేయాలి అన్న కసరత్తు ఏళ్లకేళ్లు సాగింది. రసాయనాలు పరీక్షించి తెమ్మని కంపెనీలకు తొలి ఆదేశాలు వెళ్లింది 2009లో. మొదటి విడత 52 రసాయనాల ఫలితాలు వెలువడింది 2015లో. చట్టం వచ్చిన ఏడాది పుట్టిన బిడ్డకు అప్పటికి పంతొమ్మిదేళ్లు. ఈ జాప్యాన్ని అక్కడి పర్యావరణ సంస్థలోని అంతర్గత తనిఖీ విభాగమే 2021లో తప్పుపట్టింది. ఐరోపా కథా ఏమంత మెరుగు కాదు. హార్మోన్లను చెడగొట్టే పురుగుమందుల్ని అనుమతించకూడదని 2009లోనే నియమం పెట్టుకున్నారు. వాటిని గుర్తించే కొలబద్దను 2013 చివరికి ఇవ్వాల్సి ఉండగా ఐరోపా కమిషన్ ఇవ్వలేదు. స్వీడన్ కోర్టుకెక్కింది, కమిషన్ తప్పు చేసిందని 2015లో తీర్పొచ్చింది. కొలబద్ద అమల్లోకి వచ్చింది 2018లో.

అయినా ఆ 52 రసాయనాల ఫలితాల్లో మనం తప్పక చూడాల్సింది ఒకటుంది. వాటిలో 20 రసాయనాలు ఏ హార్మోన్ జోలికీ వెళ్తున్న ఆధారం దొరకలేదు. మరో 14 కొంత జోక్యం చూపినా, ఉన్న సమాచారాన్ని బట్టి ముప్పు లేదని అమెరికా పర్యావరణ సంస్థ తేల్చింది. మిగిలిన 18 రసాయనాలూ థైరాయిడ్ వైపు అనుమానం రేపాయి, వాటిలో 17 పురుష హార్మోన్ల వైపు కూడా. పరీక్ష అంటే పరిశ్రమ మీద కక్ష అనుకునేవాళ్లు ఈ అంకెలు చూడాలి. పరీక్ష వల్లే 20 రసాయనాల మీద అనుమానం తొలగింది. అలాగే రసాయనమంటేనే విషమనుకునేవాళ్లూ చూడాలి.

【బాక్స్】 నత్తల సాక్ష్యం

ఓడల అడుగున నాచు, గవ్వలు పట్టకుండా ట్రైబ్యుటైల్ టిన్ కలిపిన రంగు పూసేవారు. సముద్రపు నీటిలో అతి కొద్దిగా కరిగినా, ఆడ నత్తలకు మగ అవయవాలు పెరిగాయి. గుడ్లు పెట్టలేక కొన్నిచోట్ల వాటి జాతే కనుమరుగైంది. ఫ్రాన్స్‌లోని అర్కషోన్ అఖాతంలో ఆయిస్టర్ పెంపకం దెబ్బతినడంతో 1982లో ఆ దేశం ముందుగా ఆంక్షలు పెట్టింది. ప్రపంచవ్యాప్త నిషేధం 2008లో అమలైంది. రంగు ఆపేసిన చోట్ల నత్తలు తిరిగి పెరిగాయి. నష్టం కంటికి కనిపించింది కాబట్టి, ఒకే కారణం ఉంది కాబట్టి ఇక్కడ రుజువు సులువైంది.

అదే ప్లాస్టిక్, 20 వేల రెట్ల తేడా

డీఈఎస్ తయారుచేసిన చార్లెస్ డాడ్సే, అంతకు రెండేళ్ల ముందు 1936లో, బిస్‌ఫినాల్ ఏకు ఈస్ట్రోజన్ గుణం ఉందని ప్రచురించారు. మందుగా అది నిలవలేదు. 1950ల నుంచి గట్టి పారదర్శక ప్లాస్టిక్‌లోనూ, డబ్బాల లోపలి పూతలోనూ చేరింది. హార్మోన్ గుణం ఉందని ముందే తెలిసిన పదార్థం పాలసీసాల్లోకి ఎక్కడం ఈ మొత్తం చరిత్రలో నాకు అన్నిటికన్నా బాధగా అనిపించే సంగతి. పసిపిల్లల సీసాల్లో దాన్ని ఐరోపా ఆపింది 2011లో. రోజూ ఒంట్లోకి ఎంత వెళ్తే పర్వాలేదన్న పరిమితిని ఐరోపా ఆహార భద్రత సంస్థ 2015లో కిలో బరువుకు 4 మైక్రోగ్రాములుగా పెట్టి, 2023లో 0.2 నానోగ్రాములకు దించింది. ఇరవై వేల రెట్లు తక్కువ. ఎనిమిదేళ్లలో రసాయనం మారలేదు, మనుషులూ మారలేదు. మారింది దాన్ని చూసిన తీరు. ఆ సారి రోగనిరోధక వ్యవస్థ మీద దాని ప్రభావాన్నీ లెక్కలోకి తీసుకున్నారు.

దీంతో అందరూ ఏకీభవించలేదు. జర్మనీ ప్రభుత్వ సంస్థ, ఐరోపా మందుల సంస్థ ఆ పద్ధతిని ప్రశ్నించాయి. అమెరికా ప్రభుత్వం చేయించిన పెద్ద ఎలుకల అధ్యయనంలో అధికారిక శాస్త్రవేత్తలు ప్రభావం స్వల్పమంటే, అందులో పాలుపంచుకున్న విశ్వవిద్యాలయ పరిశోధకులు అతి తక్కువ మోతాదులోనే మార్పులు చూశామన్నారు. ఈ అభిప్రాయభేదం నిజమైనదే, దాన్ని దాచనక్కర్లేదు. అయితే నిపుణులు ఇరవై వేల రెట్ల మేర వాదించుకుంటున్నారంటే, ఆ పదార్థం సురక్షితమని పసిపిల్లల తల్లికి చెప్పే హక్కు ఎవరికీ లేదన్నమాట. ఈలోగా 'బీపీఏ లేదు' అన్న చీటీతో అదే కుటుంబానికి చెందిన బిస్‌ఫినాల్ ఎస్ వంటివి వచ్చి చేరాయి. అవీ ప్రయోగశాలలో ఈస్ట్రోజన్‌లాగే ప్రవర్తిస్తున్నాయి. ఒక్కో పేరు చొప్పున నిషేధిస్తూ పోతే, పక్క పేరుతో అదే రసాయనం తిరిగొస్తుంది. కాబట్టి కుటుంబాన్ని మొత్తంగా పరీక్షించాలి.

【బాక్స్】 ఏ ప్లాస్టిక్‌లో ఏముంది?

అన్ని ప్లాస్టిక్కులూ ఒకటి కావు. కిరాణా కవర్లు, ఒకసారి వాడి పారేసే నీళ్ల సీసాలు బిస్‌ఫినాల్ ఏతో తయారు కావు. అది ప్రధానంగా ఉండేది గట్టి పాలికార్బొనేట్‌లో, ఆహార డబ్బాల లోపలి ఎపాక్సీ పూతలో, ఏటీఎం చీటీల వంటి కొన్ని థర్మల్ కాగితాల మీద. వీధుల్లో తిరిగే 20 లీటర్ల నీళ్ల క్యాన్లలో పాలికార్బొనేట్‌వీ ఉంటాయి. అవి ఎండలో గంటల తరబడి ఉండకుండా చూడాలి. వేడి, నూనె, పులుపు, పాతబడి గీతలు పడడం, ఇవన్నీ ప్లాస్టిక్‌లోని పదార్థాలు తిండిలోకి దిగడాన్ని పెంచుతాయి. వేడి సాంబారు స్టీలు క్యారియర్‌లో తెచ్చుకోవడం మేలు. పురుగుమందు డబ్బాలు కడిగి ఇంటి పనికి వాడకూడదు. పొలంలో మందు కొట్టినవారు స్నానం చేసి, బట్టలు విడిగా ఉతికాకే పసివాళ్లను ఎత్తుకోవాలి.

ఎదురుమాటలు

మొదటి ఆక్షేపణ: ప్రమాదం మోతాదును బట్టి ఉంటుంది, ఇంత కొద్దిగా ఉన్నదానికి ఇంత గోల ఎందుకని. చాలా విషాలకు ఆ సూత్రం సరిపోతుంది. ఒళ్లు తానే నానోగ్రాముల్లో నడిపించుకునే వ్యవస్థ విషయంలో 'కొద్ది' అన్నది ఎంతో ముందు తేల్చాలి. ఏ వయసులో అన్నది కూడా అడగాలి.

రెండోది మరింత బలమైనది. ఆడపిల్లలు త్వరగా ఈడేరడానికి బరువు పెరగడం, తిండి మెరుగుపడడం పెద్ద కారణాలు కదా అని. అవును. థైరాయిడ్ జబ్బులు ఎక్కువగా కనపడడానికి పరీక్షలు పెరగడం కూడా కారణమే. ఒక ఇంట్లో ఒక పాపకు వచ్చిన సమస్యను ఫలానా డబ్బాకు అంటగట్టడానికి ఏ శాస్త్రమూ ఒప్పుకోదు. అలా అంటగట్టే వీడియోలు తల్లుల్లో లేనిపోని అపరాధభావం నింపుతున్నాయి. రసాయనాల పాత్ర ఎంతో తెలియాలంటే బరువు, తిండి, కుటుంబ చరిత్ర అన్నీ నమోదుచేస్తూ పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించే అధ్యయనాలు కావాలి. ఇతర కారణాలున్నాయన్న మాట ఆ అధ్యయనాలు చేయడానికి కారణం కావాలి గానీ, మానేయడానికి సాకు కాకూడదు.

సోయాలోనూ ఈస్ట్రోజన్‌ను పోలిన పదార్థాలున్నాయి కదా అనేది ఇంకో వాదం. ఉన్నాయి. సోయా తినాలో వద్దో తినేవాళ్లు నిర్ణయించుకుంటారు. హెలికాప్టర్ కింద నిలబడ్డ పిల్లవాడిని ఎవరూ అడగలేదు.

ఇక రైతు సంగతి. ఎండోసల్ఫాన్ చవక, పత్తి రైతుకు బాగా తెలిసిన మందు. ప్రపంచంలో దాన్ని అత్యధికంగా తయారుచేసి, వాడిన దేశం మనదే. ప్రధాన తయారీదారుల్లో సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న కోరమాండల్ ఒకటి. నిషేధిస్తే సేద్యం కుప్పకూలుతుందన్న భయం 2011లో గట్టిగానే వినిపించింది. ఆ మందు పోయాక మన పత్తి సాగు ఆగలేదు. అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఖమ్మం ప్రాంతంలోని పునుకుల రైతులు వేప కషాయాలతో, ఎర పంటలతో పురుగుమందులే లేకుండా పత్తి పండించి చూపించారు. రైతుకు చవక మందు కావాలన్నది నిజం. అయితే మందు కొట్టే మొదటి మనిషి రైతే, దాన్ని ముందుగా పీల్చేది ఆ ఇంటి పిల్లలే. చవక అన్న లెక్కలో ఆస్పత్రి ఖర్చును ఎవరూ కలపలేదు. కాసరగోడ్ బాధితులకు తలా 5 లక్షల రూపాయలు మూడు నెలల్లో ఇవ్వాలని సుప్రీంకోర్టు 2017 జనవరిలో ఆదేశించింది. 2022లో కోర్టు మళ్లీ చూసేసరికి, 3,704 మందిలో ఆ సొమ్ము అందింది ఎనిమిది మందికి, అదీ కోర్టు ధిక్కార పిటిషన్ వేసినవాళ్లకు.

మన దగ్గర ఎవరు చూస్తున్నారు?

అమెరికాలో ఆలస్యమైనా ఒక కార్యక్రమం ఉంది, ఐరోపాలో ఆలస్యమైనా ఒక కొలబద్ద ఉంది. మనకు హార్మోన్ పరీక్షల కోసం అలాంటి ప్రత్యేక వ్యవస్థే లేదు. పురుగుమందులకు 1968 నాటి చట్టమే ఆధారం. మిగతా పారిశ్రామిక రసాయనాల కోసం 2020లో తయారైన నియమావళి ముసాయిదాగానే ఏళ్లు గడిపింది. చూసేవాళ్లు లేకపోతే ఏమవుతుందో హైదరాబాద్ శివార్లలోనే తెలిసింది. పటాన్‌చెరులో దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో యాంటీబయాటిక్స్ ఊహించనంతగా ఉన్నాయని 2007లో స్వీడన్ పరిశోధకులు వచ్చి కొలిచి చెప్పారు. అది హార్మోన్ల కథ కాదు. కానీ ఆ నీటిని తోకకప్పల మీదో, చేపల మీదో పరీక్షించి హార్మోన్ ప్రభావం ఉందో లేదో చెప్పమని మన నియమాలు ఇప్పటికీ అడగవు. అలాంటి పరీక్షలు చేయగల శాస్త్రవేత్తలు మనకు కొత్త కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ బిస్‌ఫినాల్ ఏ మీద గర్భిణి ఎలుకల్లో, వాటి సంతానంలో పరిశోధనలు చేసింది.

కాబట్టి అడగాల్సినవి పెద్దగా లేవు. కొత్త పురుగుమందుకు అనుమతి కోరే కంపెనీ తోకకప్ప, ఎలుక పరీక్షల ఫలితాలు ముందే ఇవ్వాలి, ఆ కాగితాలు అందరూ చదివేలా బయట పెట్టాలి. ఇప్పటికే వాడుకలో ఉన్నవాటిలో గాజు పళ్లెంలోనూ జంతువులోనూ హార్మోన్ జోక్యం కనిపించినదాన్ని, మనుషుల్లో రుజువు కోసం ఆగకుండా, గర్భిణులకూ పిల్లలకూ దగ్గరయ్యే వాడకాల నుంచి ముందు తప్పించాలి. సురక్షితమని చూపించే భారం అమ్మేవారిది కావాలి. మూడోది అధ్యయనం. కాసరగోడ్‌లో నిజం బయటికి రావడానికి కావలసి వచ్చింది 207 మంది పిల్లలు, ఒక నెత్తురు పరీక్ష, ఓపికగా నమోదు చేసిన డాక్టర్లు. పత్తికి, మిర్చికి మందులు విపరీతంగా కొట్టే ఆదిలాబాద్, వరంగల్, గుంటూరు పల్లెల్లో అదే పని చేయవచ్చు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు ఇప్పటికే ప్రభుత్వ బడులకు వెళ్లి పిల్లల ఎత్తు, బరువు, చూపు పరీక్షిస్తున్నాయి. ఆ కార్డులోనే, తల్లిదండ్రుల సమ్మతితో, ఆడపిల్లకూ మగపిల్లవాడికీ యుక్తవయసు మార్పులు ఏ ఏట మొదలయ్యాయో రాసే గడి ఒకటి చేర్చి, మందులు ఎక్కువగా వాడే మండలాల లెక్కల్ని వాడని మండలాలతో ఏటా పోల్చి చూడమని రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు ఆదేశించగలవు.